ఇరవైమూడు కన్నాలు

23 జనవరి 2017, సోమవారం

నాకు చేపల వాసనంటే అసహ్యమని ఇంట్లో తీర్మానం అయిపోయింది. తీర్మానం పెట్టింది మా తమ్ముడు వినోద్. బలపరిచింది నాన్న. అమ్మ ఏమీ అనలేదు, తట్ట కడుక్కుంటూ ఊరుకుంది. అదే ఎక్కువ మండింది నాకు.

సాక్ష్యం ఏమిటంటే, ఆటోలో నేను అమ్మ పక్కన కూర్చోను. ముందు డ్రైవర్ పక్కన కూర్చుంటాను. నిజమే. కారణం మాత్రం అది కాదు. అమ్మ పక్కన కూర్చుంటే ఆటోలో ఉన్న అందరికీ వినపడేలా, మా హేమ బీయస్సీ కంప్యూటర్సు, ఫస్ట్ క్లాసు, కాస్త జరగండి, ఆడగుంటకి గాలి తగలాల అంటుంది. భోగాపురం నుంచి విజయనగరం దాకా నేను ఎగ్జిబిషన్లో బొమ్మలా కూర్చోవాలి. చదువైపోయి రెండేళ్ళు ఖాళీగా ఉన్నదాని ఫస్ట్ క్లాసు గురించి అంత గట్టిగా చెప్తే సిగ్గుగా ఉంటుంది. ఆ సిగ్గు నా మీద నాకు. అమ్మ మీద కాదు, చేప మీద అంతకంటే కాదు. చేప తిని పెరిగి, చేప డబ్బులతో ఫీజు కట్టి, చేపంటే అసహ్యమా?

ఇదంతా చెప్పాను. నాన్న నవ్వి, మరి సెంటు సీసాలు కాళీ సేస్తన్నావు కదేటి అన్నాడు.

ఒక్క సీసా. అదీ సగం వినోదే కొట్టుకున్నాడు.

ఎల్లుండి ఇంటర్వ్యూ ఉంది. ఇంట్లో చెప్పలేదు.

28 జనవరి, శనివారం

వచ్చింది. ఫీల్డ్ ఎగ్జిక్యూటివ్. నెలకి ఏడున్నర వేలు. ఆఫీసు విజయనగరంలో గంటస్తంభం దగ్గర, మేడ మీద. రెండు ఏసీలు, ఒకటి పనిచేస్తుంది.

పని ప్రీపెయిడ్ కార్డులు కట్టబెట్టడం. నోట్లు రద్దయి రెండున్నర నెలలైనా ఊళ్ళో చిల్లర లేదు. అమ్మ దగ్గర రెండొందల చేప తీసుకుని రెండు వేల నోటు ఊపుతూ, రేపిస్తాలే అనేవాళ్ళే అంతా. ఈ కంపెనీ వాళ్ళు చేపలమ్మే ఆడవాళ్ళ కోసం మా పేట నుంచి విజయనగరానికి వ్యాన్ వేస్తారట. కార్డులో ముందే డబ్బు వేసుకోవాలి. వ్యాన్ టిక్కెట్టు, ఐసు, కిరాణా, టీ, అన్నిటికీ కార్డు మెషిన్‌కి ఆనిస్తే చాలు. బ్యాంకు అకౌంటు అక్కర్లేదు, పిన్ అక్కర్లేదు, సంతకం అక్కర్లేదు. మనసులో మాట చెప్పాలంటే నాకు నచ్చింది. అమ్మ పొద్దున్నే చిల్లర కోసం నలుగురిని బతిమాలడం నేను చూశాను.

మేనేజరు హరిచరణ్. ముప్పై ఏళ్ళుంటాయి. ప్రతి మాటకీ చివర రైట్? అంటాడు. ట్రైనింగ్ రెండు రోజులు. అందులో ఒక పూటంతా కస్టమర్‌తో ఎలా నవ్వాలో చెప్పారు. నా ఫోటోతో ఐడీ కార్డు చేసి, చేత్తో నొక్కే చిన్న పంచింగ్ మెషిన్‌తో దాని పైన పొడుగాటి కన్నం పెట్టి, నీలం రిబ్బను దూర్చి మెడలో వేశారు.

ఇంటికొచ్చి చెప్తే నాన్న, ఎయిర్‌పోర్టు వొచ్చీదాకా ఇది సేసుకో, ఆ తరవాత అందులో కౌంటర్లో కూకుందువు గాని అన్నాడు. మా భోగాపురంలో కడతామన్న ఎయిర్‌పోర్టుకి ఇంకా ఇటిక కూడా పడలేదు. అమ్మ అప్పటికే పేటంతా చెప్పేసింది.

2 ఫిబ్రవరి, గురువారం

పొద్దున్న ఆరున్నరకి రేవులో టేబుల్ వేశాను. పడవలొచ్చి వేలంపాట అయ్యేదాకా ఎవరూ నా వంక చూడలేదు. అయ్యాక అందరూ ఒక్కసారే వచ్చి పడ్డారు.

ముందు మరిడమ్మత్త. నాన్నకి అక్క. రేవులో ఆవిడ ఊ అంటేనే మిగిలినవాళ్ళకి ఊ. కార్డు తిప్పి చూసింది, వాసన చూసింది, వంచి చూసింది. డబ్బు ఇందల ఏ మూల ఉంటాదే అని అడిగింది. కార్డులో ఉండదత్తా, కంపెనీ కంప్యూటర్లో ఉంటుంది, ఇది తలుపు లాంటిదంతే అన్నాను. అయితే ఇల్లు ఆళ్ళది, తలుపు మనదీనా అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

అసిరమ్మ, సముద్రంలో పడిపోతే డబ్బు పోతాదేటి అంది. కార్డు పోయినా డబ్బు పోదు, వెనకాల నంబరుంది, వంద కడితే కొత్త కార్డొస్తుంది, అందులో పాత డబ్బు వేసేస్తారు అన్నాను. ట్రైనింగ్ స్లయిడులో అలాగే ఉంది. జగ్గమ్మ పిన్ని కార్డు మీద ఫోటో అనగానే ఇంటికి పరిగెత్తి చీర మార్చుకుని, బొట్టు పెద్దది పెట్టుకుని వచ్చింది. ఈలోగా ఆవిడ చేపల మీద కాకులు.

ఫారం పదకొండు పేజీలు, ఇంగ్లీషు. ఇక్కడ వేలెయ్యి పిన్నీ, ఇక్కడ వెయ్యి అత్తా. సదివినావా అని అడిగింది మరిడమ్మత్త. చదివాను అన్నాను. రెండు పేజీలు చదివాను.

ఒక సంగతి రాసుకోవాలి. ఐసు గోదాంలో వీళ్ళందరికీ ఒక్కో ఇత్తడి బిళ్ల ఇచ్చారు ఎప్పుడో. బిళ్లకి కన్నం ఉంటుంది. తాళంచెవితో పాటు దాన్ని తాడుకి కట్టి మెడలో వేసుకుంటారు. నెత్తి మీద తట్ట, తట్ట మీద ఒక చెయ్యి, ఆ చేతికి నీళ్ళు కారుతూ ఉంటాయి. రెండో చేత్తో బిళ్ల ఎత్తి చూపిస్తే ఐసు పోస్తారు. మరిడమ్మత్త నేనిచ్చిన కంపెనీ కార్డు పట్టుకుని, మరి దీనికి కన్నమేదే? అంది. జోకు అనుకున్నాను.

ఇరవైముగ్గురు చేరారు. అమ్మది మొదటి కార్డు.

9 ఫిబ్రవరి, గురువారం

వ్యాన్ వచ్చి మూడు రోజులైంది. వెనకాల తట్టలకి రేకు అరుగు, కింద నీళ్ళు పోడానికి గొట్టం. ఎవరో ఆలోచించే కట్టారు, ఒప్పుకోవాలి. గుమ్మం దగ్గర మెషిన్. కార్డు ఆనిస్తే టింగ్ అంటుంది. జగ్గమ్మ పిన్నికి ఆ టింగ్ నచ్చి రెండోసారి ఆనించింది. రెండో టిక్కెట్టు కూడా తెగింది. ఓలమ్మో, ముట్టుకుంటే మింగీసిందే అని విజయనగరం దాకా ఒకటే గోల. ఆ డబ్బు వెనక్కి వేయించడానికి నేను నాలుగు ఫోన్లు చేశాను. వేశారు. అంటే వెయ్యడం చేతనవును వాళ్ళకి.

వ్యాన్లో డబ్బు తీసుకోరు, కార్డే. పొద్దుటి ఆటోలు రెండు రోజులు చూసి, బేరాల్లేక ఆ వేళకి రావడం మానేశాయి.

అమ్మ వ్యాన్ అంతటికీ వినపడేలా, ఈ కార్డు మా గుంటదే అంది. ఈసారి కోపం రాలేదు.

13 ఫిబ్రవరి, సోమవారం

జీతం రాలేదు. టార్గెట్ వచ్చింది.

20 ఫిబ్రవరి, సోమవారం

కార్డులు పడిపోతున్నాయి. రొంటిన దోపుకుంటే తడి చీరలోంచి జారిపోతున్నాయి. తట్టలో పెడితే ఐసుతో పాటు కాలవలోకి. అసిరమ్మది రేవులోనే పోయింది, అల వచ్చి పట్టుకుపోయింది. కొత్త కార్డుకి వంద. జగ్గమ్మ పిన్నిది రెండోసారి. ఇంకో వంద. రెండొందలంటే ఒకరోజు మిగులు.

ఐసు బిళ్ల పదేళ్ళబట్టి పోలేదు, మీ బిళ్ల పది రోజులుండదేటే అని తిడుతున్నారు. సరైన తిట్టే. రిబ్బనుతో ఉన్న ట్యాగులు ఇస్తామని ట్రైనింగ్‌లో చెప్పారు. మూడుసార్లు అడిగాను. వైజాగ్ నుంచి రావాలట. వైజాగ్ ఏమన్నా చంద్రమండలమా?

మరిడమ్మత్త నా ఐడీ కార్డు పట్టుకు లాగింది, నేను రిబ్బనుతో సహా ముందుకి వాలిపోయాను. నీకు కన్నమెట్టి మెళ్ళో ఏసినారు, మాకేల ఎట్టరు, మా మెడలు మెడలు కావా అంది.



22 ఫిబ్రవరి, బుధవారం, సాయంత్రం 4

ఆఫీసు నుంచి పంచింగ్ మెషిన్ తెచ్చాను. హరిచరణ్‌ని అడిగే తెచ్చాను. కార్డులకి కన్నం పెట్టి తాడు కట్టుకోవచ్చా సార్ అన్నాను. ఫోన్ చూసుకుంటూ, ట్యాగులొచ్చేదాకా ఏదోలా మేనేజ్ చెయ్, కార్డులు పడేసుకోకుండా చూడు, రైట్? అన్నాడు. రైట్ అన్నాను.

ఇవాళ అమ్మ అందరి కార్డులూ సంచిలో వేసుకొచ్చింది. నీ సేతులు సుబ్రంగా ఉంటాయి, నువ్వే ఎట్టు అంది. అరుగు మీద కూర్చుని పెట్టాను. ముందు అమ్మది. టక్. వరసగా ఇరవైమూడు టక్‌లు. ఒక్కోదానికి నైలాన్ తాడు నేనే కట్టాను, ముడి గట్టిగా. పక్కన కూర్చుని అమ్మ ఎవరి కార్డేదో ఫోటోలు చూసి చెప్తోంది. జగ్గమ్మ బొట్టు సూడే అని నవ్వింది.

ఈ నెలలో నేను చేసిన మంచి పని ఇదొక్కటే అనిపించింది.

23 ఫిబ్రవరి, గురువారం, ఉదయం 10

టింగ్ అనలేదు.

అమ్మది అనలేదు. మరిడమ్మత్తది అనలేదు. తుడిచి ఆనించారు, తిప్పి ఆనించారు, అసిరమ్మ ముద్దు పెట్టుకుని ఆనించింది. ఇరవైమూడు కార్డులూ చచ్చిపోయాయి. డబ్బు తీసుకో నాయనా అని కండక్టరుని అడిగారు. మెషిన్‌లో పడకపోతే నా ఉజ్జోగం పోతాది అన్నాడు. అరుగు మీద పెట్టిన తట్టలు ఒక్కొక్కటే దింపేశాడు. వ్యాన్ ఖాళీగా వెళ్ళింది. ఖాళీగా!

ఆటోలు తొమ్మిదిన్నరకి గాని రాలేదు. అప్పటికి ఐసు కరిగి కానాగంత చేపలు మెత్తబడ్డాయి. ఈ వేళకి టౌన్లో చేప ఎవరు కొంటారు? సగం ధరకి ఇచ్చుకోవడమే. జగ్గమ్మ పిన్ని అసలు వెళ్ళలేదు. తట్టలోని నెత్తళ్ళు ఎండుచేపలకని ఇసకలో ఆరేసింది. నన్ను చూసి మొహం తిప్పుకుంది.

అదే రోజు, మధ్యాహ్నం 2

అమ్మ కార్డు వెనకాల ఫోన్ టార్చి పెట్టి చూశాను. ప్లాస్టిక్ లోపల, అంచు చుట్టూ, వెంట్రుక కంటే సన్నగా రాగి తీగ. మెషిన్‌తో మాట్లాడేది అదే. నేను పెట్టిన కన్నం సరిగ్గా దాన్ని తెంపింది.

కంప్యూటర్స్ చదివాను నేను. ఫస్ట్ క్లాసు.

రెండు రోజుల ట్రైనింగ్‌లో పళ్ళెన్ని కనపడేలా నవ్వాలో చెప్పారు. లోపల తీగ ఉంటుందని ఒక్కడూ చెప్పలేదు. నా ఐడీ కార్డుకి కూడా టార్చి పెట్టి చూశాను. దాన్లో ఏమీ లేదు. ఉత్త ప్లాస్టిక్. అందుకే దానికి కన్నం పెట్టారు. కంపెనీ వాళ్ళకి తెలుసు.

24 ఫిబ్రవరి, శుక్రవారం

శివరాత్రి. ఆఫీసు సెలవు. అమ్మ ఉపవాసం. రేవు ఖాళీ. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. తిట్టినా బాగుండేది.

25 ఫిబ్రవరి, శనివారం

సంచిలో ఇరవైమూడు కార్డులతో ఆఫీసుకి వెళ్ళాను.

హరిచరణ్ ఒక కార్డు తీసి, దాని నంబరు కొట్టాడు. స్క్రీను మీద అమ్మ ఫోటో వచ్చింది. పక్కన అమ్మ పేరు, దానమ్మ. కింద పదకొండు వందల నలభై. డబ్బు అక్కడే ఉంది. గాజు వెనకాల చేపలా కనపడుతోంది. దీన్ని కొత్త కార్డులోకి మార్చడానికి ఎంతసేపు పడుతుంది సార్ అన్నాను. ఒక్కోటీ అర నిమిషం అన్నాడు. మరి మార్చండి అన్నాను.

అప్పుడు ఫారం తీశాడు. తొమ్మిదో పేజీ. పోయిన కార్డుకి కొత్తది ఇస్తారు. విరిగినా, వంగినా, రంధ్రం చేసినా ఇవ్వరు, అందులో ఉన్న సొమ్ము కంపెనీదైపోతుంది. సముద్రంలో పారేసుకుంటే డబ్బు ఉంటుందట. పోకుండా మెళ్ళో కట్టుకుంటే పోతుందట. ఇదేం న్యాయమండీ అని నేను గట్టిగానే అన్నాను. పక్క టేబుల్ అమ్మాయి టైపు చెయ్యడం ఆపేసింది.

పాలసీ హేమా, వాళ్ళే వేలిముద్ర వేశారు, రైట్? అన్నాడు.

వేయించింది నేను.

మీరే మేనేజ్ చెయ్యమన్నారు కదా అన్నాను. నేను కార్డులకి కన్నాలు పెట్టమన్నానా? అని ఎదురు అడిగాడు. ఎంత అమాయకంగా అడిగాడంటే, ఒక్క క్షణం నాకే అనుమానం వచ్చింది.

26 ఫిబ్రవరి, ఆదివారం

ఇంతకంటే అవమానం ఉండదు. కంపెనీ వల్ల కాదు. అమ్మ వల్ల.

పొద్దున్న రేవులో, కన్నం పడ్డ కార్డుకి డబ్బివ్వరట అని చెప్పి అమ్మ ఎవరి కార్డులు వాళ్ళకి తిరిగిస్తుంటే, అందరూ తనని చుట్టుకున్నారట. కార్డులు నీకిస్తే ఏటి సేసినావు, మీ గుంట ఏటి సేసింది అని. అమ్మ ఏం చెప్పిందో తెలుసా? మేకు కాల్చి నానే ఎట్టినాను, మా హేమ వొద్దొద్దంటానే ఉంది, నాకు తెలీక సేసీసినాను అందట. దానికి వినోద్ సాక్ష్యం కూడా చెప్పాడట. ఇంట్లో ముందే మాట్లాడుకున్నారన్నమాట, నాన్నతో సహా. నాకు తప్ప అందరికీ తెలుసు.

నేను అరిచాను. ఎవరు చెప్పమన్నారు నిన్ను అన్నాను. అమ్మ అన్నం వడ్డిస్తూ, నాను సదువుకోనిదాన్ని, నాను పాడుసేసినానంటే తిట్టి ఊరుకుంటారు, నువ్వంటే ఊరుకోరు, నీ ఉజ్జోగం పోతాది, నువ్వు తట్టుకోలేవు అంది.

తట్టుకోలేను! చేప వాసన తట్టుకోలేను, ఆటో గాలి లేకపోతే తట్టుకోలేను, ఇప్పుడు నా తప్పు కూడా తట్టుకోలేను. కని, ఇరవై రెండేళ్ళు పెంచిన అమ్మకి నాలో కనపడినది ఇదా? నేనింత పిరికిదానిలా ఎప్పుడు కనపడ్డాను?

అన్నం తినలేదు. తినకపోతే, సూసినావా తట్టుకోలేకపోతంది అన్నాడు నాన్న.

27 ఫిబ్రవరి, సోమవారం

అమ్మ అబద్ధం నాకంటే ముందే ఆఫీసుకి చేరింది. వ్యాన్ కండక్టరు చెప్పాడట. హరిచరణ్ ఒక రిపోర్టు టైపు చేయించి ఉంచాడు. కస్టమర్లు కాల్చిన మేకులతో కార్డులకు ఉద్దేశపూర్వకంగా రంధ్రాలు చేసినారు, ఫీల్డ్ ఎగ్జిక్యూటివ్ వారించినను వినలేదు. కింద నా పేరు. సంతకం ఒక్కటే ఖాళీ.

సంతకం చేస్తే ఫైలు మూసేస్తారట. శ్రీకాకుళంలో కొత్త ఆఫీసు తెరుస్తున్నారు, అక్కడ టీమ్ లీడర్ని చేస్తారట, పన్నెండు వేలు. శుక్రవారంలోగా ఇవ్వు, రైట్? అన్నాడు.

బస్సులో కూర్చుని ఆ కాయితం నాలుగుసార్లు చదివాను. నాలుగోసారి అర్థమైంది. కన్నాలు వీళ్ళు మేకులతో పెట్టారంటే డబ్బు కంపెనీది. కన్నాలు కంపెనీ మనిషి, కంపెనీ మెషిన్‌తో పెట్టిందంటే డబ్బు వీళ్ళది. మధ్యలో ఉన్నది అమ్మ చెప్పిన అబద్ధం ఒక్కటే. నన్ను కాపాడ్డానికి చెప్పినది ఇరవైముగ్గురి డబ్బూ తినేస్తోంది. అందులో అమ్మదీ ఉంది.

నాన్నకి చదివి వినిపించాను. సేసీ అన్నాడు. మీ అమ్మ డబ్బు పోతే పోనాది, సీకాకుళంలో రెండు నెల్లు సేస్తే వొచ్చీస్తాది అన్నాడు. మిగతా ఇరవైరెండు మంది? అన్నాను. నాన్న గోడ మీద కేలండర్ వంక చూశాడు.

28 ఫిబ్రవరి, మంగళవారం

చెయ్యను అని అనుకోవడం తేలిక. పన్నెండు వేలు అని కూడా రోజంతా అనుకున్నాను.

1 మార్చి, బుధవారం

వెళ్ళి చెప్పేశాను.

వేలంపాట అయ్యాక, అందరూ తట్టలు సర్దుకుంటుంటే, కన్నాలు మా అమ్మ పెట్టలేదు, నేను పెట్టాను అన్నాను. గొంతు సన్నగా వచ్చింది, మళ్ళీ చెప్పాల్సి వచ్చింది.

మరిడమ్మత్త ఐసు కొడుతోంది, ఆపలేదు. తెలుసు అంది. మెడలో ఇంకా వేలాడుతున్న చచ్చిన కార్డు ఎత్తి చూపించింది. మేకుతో పొడిస్తే గుండ్రటి కన్నం పడతాది, సుట్టూ నల్లగా మాడతాది. ఇది పొడుగ్గా ఉన్నాది, కోసినట్టున్నాది, అచ్చం నీ మెళ్ళో దానికున్నట్టే ఉన్నాది. మాకు సదువు లేదు గాని కళ్ళున్నాయి, ఎప్పుడు సెప్తావో అని సూస్తన్నాం అంది.

ఆరు రోజులు. వీళ్ళంతా ఆరు రోజులబట్టి చూస్తున్నారు.

జగ్గమ్మ పిన్ని మాత్రం ఊరుకోలేదు. నీ మాట మీద ఏలేసినాను, కార్డు పోయినా డబ్బు పోదన్నావు, నా నెత్తళ్ళ డబ్బు ఎవరిస్తారు నీ అబ్బిస్తాడా అని మీదకొచ్చింది. అసిరమ్మ పట్టుకుంది. నేను తల దించుకోలేదు. దించుకుంటే, గుంట తట్టుకోలేకపోతంది అని ఎవరో ఒకరు అంటారని భయం.

అమ్మ అక్కడే ఉంది. అందరి ముందూ నన్ను అబద్దాలకోరుని సేసీసినావు అంది. తట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఎత్తడానికి సాయం పట్టబోతే నా చెయ్యి తోసేసింది.

ఆ కాయితం సంగతి కూడా చెప్పాను. టీమ్ లీడరు, పన్నెండు వేలు, అన్నీ. మరిడమ్మత్త, శుక్రవారం ఎన్నింటికి ఎల్లాల అంది.

3 మార్చి, శుక్రవారం

తొమ్మిది మంది వచ్చారు. టౌన్లో చేపలమ్ముకుని, అక్కడి నుంచే, ఖాళీ తట్టలతో. అమ్మ రాలేదు.

మేడ ఎక్కి ఏసీ గదిలో వరసగా కూర్చున్నారు. కుర్చీలు నాలుగే, మిగతావాళ్ళు తట్టలు బోర్లించి వాటి మీద. పక్క టేబుల్ అమ్మాయి చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుంది. మాం సచ్చిన సేపలమ్ముతాం, మీరు సచ్చిన కార్డులమ్ముతారు, ఏది ఎక్కువ కంపు అని అడిగింది మరిడమ్మత్త. ఆ పిల్ల చున్నీ తీసేసింది.

హరిచరణ్ నన్ను లోపలికి పిలిచి తలుపేశాడు. మంచిగా మాట్లాడాడు. మీ అమ్మగారి కార్డు ఒక్కటి మాత్రం ఇప్పుడే మార్చేస్తాను, స్పెషల్ కేసు, పదకొండు వందల నలభై, బయట చెప్పకు అన్నాడు. అంతవరకూ నాకు కోపమే ఉంది. ఆ మాటతో ఇంకొకటి వచ్చింది. మా ఇంట్లోవాళ్ళూ ఇతనూ, అందరూ నన్ను ఒకేలా చదువుతున్నారు. మావాళ్ళు ప్రేమతో, ఇతను లెక్కతో. నా ముఖం మీద ఏం రాసుంది?

అతను టైపు చేయించిన కాయితం వెనక్కి తిప్పి, తెలుగులో రాశాను. ఇరవైమూడు కార్డులకు కన్నాలు పెట్టినది నేను. ఆఫీసు పంచింగ్ మెషిన్‌తో పెట్టాను. పెట్టే ముందు మేనేజరు గారిని అడిగాను. లోపల తీగ ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు, నేను ఎవరికీ చెప్పలేదు. ఈ డబ్బు వీళ్ళది. సంతకం. తేదీ.

ఇదంతా నీ జీతంలోంచి రికవరీ చెయ్యొచ్చు, తెలుసా అన్నాడు. ముందు జీతం ఇవ్వండి, అప్పుడు చెయ్యండి అన్నాను. రైట్ అనలేదు మొదటిసారి.

కాయితానికి ఫోటో తీసుకున్నాను. డబ్బు ఇవ్వలేదు. హెడ్డాఫీసుకి పంపుతారట. కింద మెట్ల మీద జగ్గమ్మ పిన్ని, ఇప్పుడేటి సేస్తావు అంది. కన్స్యూమర్ ఫోరం ఇదే ఊళ్ళో ఉంది పిన్నీ, ఫిర్యాదు నేను రాస్తాను అన్నాను. ఈసారి పేజీలన్నీ సదువు అంది.

5 మార్చి, ఆదివారం

ఫారం పదకొండు పేజీలూ చదివాను. ఫిర్యాదు ఆరు పేజీలు రాశాను. ఇరవైమూడు పేర్లు, ఇరవైమూడు నంబర్లు. రాసింది రాసినట్టు రేవులో తెలుగులో చదివి వినిపించాకే వేళ్ళు వేయించాను. మరిడమ్మత్త రెండు చోట్ల ఆపించి మళ్ళీ చదివించుకుంది. సాక్షి అన్న చోట నా పేరు. అమ్మ అందరికంటే చివర వచ్చి వేలేసి, నా మొహం చూడకుండా వెళ్ళిపోయింది.

నాన్న, కోర్టులెందుకు మనకి, సీకాకుళం పోయింది కదా అన్నాడు. పోలేదు నాన్నా, నేను వదిలేశాను అన్నాను. రెండూ ఒకటే అంటాడు. కావు.

6 మార్చి, సోమవారం

ఆటోలో వెళ్ళాను. అమ్మ పక్కన కూర్చున్నాను. ముందు సీటు ఖాళీగానే ఉంది. అమ్మ ఎవర్నీ జరగమనలేదు.

ఫోరంలో ఫిర్యాదు ఇచ్చాను. ఆఫీసులో రాజీనామా ఇచ్చాను. పంచింగ్ మెషిన్ ఇచ్చేశాను, రసీదు తీసుకున్నాను.

ఐడీ కార్డు కూడా ఇమ్మన్నారు. ఇవ్వలేదు. దానికున్న కన్నమూ ఆ ఇరవైమూడు కన్నాలూ ఒకే కొలత, అదీ సాక్ష్యమే. ఇవ్వను.